సర్పి వచ్చిన రోజుల్లో రక్తం పలచనచేసే మాత్రల సంగతి

నడుముకో ఛాతీకో ఒకవైపున చర్మం ఎర్రగా కంది, దానిమీద గుత్తులుగుత్తులుగా నీటిపొక్కులు లేచి, కట్టుకున్న బట్ట తగిలినా మంటెత్తిపోయే జబ్బును మన పల్లెల్లో సర్పి అంటారు. కొన్నిచోట్ల అక్కి అంటారు. డాక్టర్లు చీటీమీద హెర్పిస్ జోస్టర్ అని రాస్తారు, పేపర్లలో షింగిల్స్ అని వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ జబ్బు తెలియని ఇల్లు ఉండదు. అయితే అప్పటికే గుండె జబ్బుకో, పక్షవాతానికో రక్తం పలచనచేసే మాత్రలు వాడుతున్న మనిషికి సర్పి వస్తే ఏం చేయాలన్నది మాత్రం చాలా ఇళ్ళలో తెలియదు. పొక్కుల్లో నీటికి బదులు నెత్తురు కనబడగానే భయపడి ఆ మాత్ర ఆపేసేవాళ్ళు కొందరు. ఇది అమ్మోరులాంటి జబ్బు, ఒంట్లోకి మందు పోకూడదు అనుకుని ఉన్న మాత్రలన్నీ పక్కన పెట్టేసేవాళ్ళు ఇంకొందరు. నొప్పి భరించలేక ఊళ్ళో నొప్పి సూది వేయించుకునేవాళ్ళు అందరికన్నా ఎక్కువ. ఈ మూడింటివల్లా ప్రాణం మీదికి రావచ్చు. సర్పి రోజుల్లో రక్తస్రావానికి భయపడాల్సింది ఏళ్ళుగా వేసుకుంటున్న ఆ ఒక్క మాత్రను చూసి కాదు, నొప్పి పేరుతో దానికి కొత్తగా తోడుచేసే మందులను చూసి. ఈ వ్యాసమంతా ఆ సంగతే.

ముందు జబ్బు గురించి నాలుగు మాటలు. సర్పి బయటినుంచి కొత్తగా వచ్చి అంటుకోదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో చేరిన వైరసే వెన్నుపాము పక్కన, నరాల మొదళ్ళలో దశాబ్దాలపాటు అణిగి ఉంటుంది. వయసు మీదపడినప్పుడో, సుగర్, కిడ్నీ జబ్బు, కాన్సర్ మందులు, స్టెరాయిడ్లవల్ల ఒంటికి రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గినప్పుడో ఒక నరం వెంట చర్మంలోకి దిగుతుంది. ఆ నరం ఏ మేరకు చర్మానికి వెళ్తుందో ఆ మేరకే పొక్కులు లేస్తాయి. ఇంగ్లండ్‌లోని సైరెన్‌సెస్టర్ అనే చిన్న ఊళ్ళో ప్రాక్టీసు చేసిన ఎడ్గర్ హోప్-సింప్సన్ అనే డాక్టరు తన రోగులను ఏళ్ళతరబడి గమనించి 1965లో ఈ సంగతి ప్రకటించాడు. పొక్కులు ఒంటిచుట్టూ తిరిగి సర్పి తలా తోకా కలిస్తే మనిషి దక్కడన్న భయం మన దగ్గర ఇంకా ఉంది. నరాలు వెన్నెముకనుంచి కుడికీ ఎడమకూ వేరువేరుగా వెళ్తాయి కనుక పొక్కులు మామూలుగా నడిమి గీత దాటవు. దాటి ఒళ్ళంతా పాకితే ఒంట్లో రక్షణ బాగా తగ్గిందని గుర్తు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అంతేగాని చుట్టు పూర్తయినంతమాత్రాన ఎవరూ చనిపోరు.

ఇక మాత్రలు. రక్తం పలచనచేసే మందులని అంటున్నాంగాని ఇవి నెత్తురును నీళ్ళలా చేయవు, గడ్డకట్టడాన్ని నెమ్మదింపజేస్తాయి. గాయమైనచోట ముందు ప్లేట్‌లెట్లు వచ్చి గుమిగూడతాయి, తర్వాత పొందూరు మగ్గంమీద పోగు పోగుతో అల్లుకున్నట్టు ఫైబ్రిన్ దారాలు వాటి చుట్టూ అల్లుకుని గడ్డ గట్టిపడుతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మొదటి పనిని అడ్డుకుంటాయి. స్టెంట్ వేసినవాళ్ళు, ఒకసారి గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్ళు వేసుకునేవి ఎక్కువగా ఇవే. రెండో పనిని అడ్డుకునేవి వార్ఫరిన్, మన దగ్గర అసిట్రోమ్ పేరుతో ఎక్కువ వాడే అసినోకౌమరాల్, కొత్తగా వచ్చిన రివరోక్సాబాన్, ఎపిక్సాబాన్, డాబిగాట్రాన్. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్ళకు, కాళ్ళ రక్తనాళాల్లో గడ్డ కట్టినవాళ్ళకు, కవాటం మార్చినవాళ్ళకు ఇస్తారు.

కవాటం మార్చినవాళ్ళ సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. చిన్నతనంలో గొంతునొప్పి, కీళ్ళవాపులతో వచ్చే రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను పాడుచేస్తుంది. పేదకుటుంబాల పిల్లల్లో ఇది ఎక్కువ. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఈరోజు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న ఆ పథకం వచ్చాకే లక్షలు ఖర్చయ్యే గుండె ఆపరేషన్ పేదవాళ్ళకు అందింది. లోహపు కవాటం పెట్టినవాళ్ళు బతికున్నంతకాలం వార్ఫరినో అసిట్రోమో వేసుకోవాలి. కొత్త మందులు వాళ్ళకు పనికిరావు. డాబిగాట్రాన్‌ను లోహపు కవాటాలవాళ్ళకు ఇచ్చి చూసిన పరీక్షలో గడ్డలూ రక్తస్రావాలూ రెండూ ఎక్కువై దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆనాడు పాతికేళ్ళ వయసులో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఇప్పుడు సర్పి వచ్చే వయసుకు దగ్గరపడుతున్నారు.

వార్ఫరిన్, అసిట్రోమ్‌లకు హద్దు చాలా సన్నం. కొంచెం తగ్గితే గడ్డ, కొంచెం పెరిగితే రక్తస్రావం. అందుకే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షతో మోతాదు సరిచూస్తారు. గుండె లయ తప్పినవాళ్ళకు అది 2కూ 3కూ మధ్య ఉండాలి, మిట్రల్ కవాటం మార్చినవాళ్ళకు 2.5 నుంచి 3.5 వరకు. ఆస్పిరిన్‌కు గానీ రివరోక్సాబాన్‌లాంటి కొత్త మందులకు గానీ ఈ పరీక్షతో పని లేదు, వాటి లెక్కలు వేరు. మీరు వేసుకునేది ఏ జాతి మాత్రో ముందు తెలుసుకోండి. కింద చెప్పేదంతా దానిమీదే ఆధారపడుతుంది.

ఇలాంటి మాత్రలు వాడేవాళ్ళకు సర్పి వస్తే పొక్కులు కొన్నిసార్లు నెత్తురుతో నిండుతాయి. పొక్కు అడుగున చర్మం వాచి ఉంటుంది, సన్నటి రక్తనాళాలు చిట్లుతాయి, గడ్డకట్టడం నెమ్మది కాబట్టి లోపల కాస్త నెత్తురు చేరుతుంది. పారదర్శకంగా ఉండాల్సిన పొక్కు ముదురు నేరేడు రంగుకు తిరుగుతుంది, చుట్టూ చర్మం కమిలినట్టు ఉంటుంది. చూడటానికి భయం వేస్తుంది. ఒకటి రెండు పొక్కులకే పరిమితమై, ఇంకెక్కడా రక్తం రాకుండా, మనిషి బాగుంటే అది చాలావరకు చర్మం పైపైనే ఉన్న సంగతి. అయినా డాక్టరుకు చూపించి ఐఎన్ఆర్, ప్లేట్‌లెట్లు చూపించుకోవాలి. నెత్తురు పొక్కు కనబడిందంటే ఐఎన్ఆర్ పెరిగిందేమో తెలుసుకునే అవకాశం దొరికినట్టే. ఏజెన్సీ వైపు వర్షాకాలంలో మలేరియా, డెంగీ ఉంటాయి కనుక జ్వరం కూడా ఉంటే ప్లేట్‌లెట్లు లెక్కించకుండా ఊరుకోకూడదు. పొక్కులను సూదితో పొడవడం, వేడి నూనె, పసరు, పేడ పూయడం అసలు చేయకండి. నెత్తురు నిండిన పొక్కు చితికితే ఆగకుండా కారుతుంది, చీము కూడా పడుతుంది.

చీము పడితే ఇంకో చిక్కు. దానికి ఇచ్చే యాంటీబయాటిక్‌లలో కొన్ని, ముఖ్యంగా కోట్రైమాక్సజోల్, మెట్రోనిడజోల్, వార్ఫరిన్ బలాన్ని బాగా పెంచేస్తాయి. సర్పిని తామర అనుకుని ఫ్లూకొనజోల్ మాత్రలు ఇచ్చినా అదే జరుగుతుంది. నాలుగైదు రోజుల్లో ఐఎన్ఆర్ రెట్టింపు కావచ్చు, మనిషికి పైకి ఏమీ తెలియదు.

సర్పికి అసలు మందు ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్, ఫాంసైక్లోవిర్. ఇవి రక్తం పలచనచేసే మాత్రలతో పెద్దగా గొడవపడవు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే రెండూ కలిస్తే ఏమవుతుందోనని అసలు మందునే మానేసేవాళ్ళున్నారు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఎసైక్లోవిర్ అయితే కిడ్నీలు బాగున్న పెద్దవాళ్ళకు 800 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు ఐదుసార్లు, ఏడు రోజులు. ఇన్నిసార్లా అని రెండుపూటలకు కుదించుకుంటే ఫలితం ఉండదు.

ప్రమాదం మొదలయ్యేది నొప్పి దగ్గర. సర్పి నొప్పి మామూలు నొప్పి కాదు, రాత్రి నిద్రపట్టదు, కరెంటు కొట్టినట్టు లోపల్నుంచి పోట్లు. రోగి ఆరెంపీ దగ్గరికి వెళ్తాడు, పిర్రకు డైక్లోఫెనాక్ సూది వేస్తారు, నాలుగు రోజులకు నొప్పి మాత్రలు కట్టిస్తారు. మామూలు మనిషికి అది గడిచిపోతుంది. అసిట్రోమ్ వేసుకునే మనిషికి మాత్రం రెండు దెబ్బలు. సూది దిగినచోట కండరంలోపల నెత్తురు కారి పేరుకుంటుంది. మొదట కాస్త గట్టిగా తగులుతుంది, సాయంత్రానికి వాపు, మర్నాటికి తొడదాకా నల్లగా కమిలి కాలు కదపలేడు. సూది పట్టలేదు అనుకుంటారు గాని లోపల గిన్నెడు నెత్తురు పోయి ఉండవచ్చు. రెండోది కడుపులో. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసెక్లోఫెనాక్, పైరాక్సికామ్, ఈ జాతి మాత్రలన్నీ పొట్ట లోపలి పొరను పుండుచేస్తాయి, ప్లేట్‌లెట్లనూ అణుస్తాయి. పుండునుంచి కారే నెత్తురును గడ్డకట్టనివ్వకుండా పాత మాత్ర ఉండనే ఉంది. తారులాంటి నల్లటి విరేచనం అయ్యేదాకా ఎవరికీ అనుమానం రాదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. సర్పికి కొందరు డాక్టర్లు కొద్దిరోజులు స్టెరాయిడ్ ఇస్తారు. అది కూడా కడుపు పుండ్లను, ఐఎన్ఆర్‌ను, సుగర్‌ను పెంచుతుంది. స్టెరాయిడ్, నొప్పి మాత్ర, పలచనచేసే మాత్ర మూడూ ఒకే కవర్లో కనబడితే అది ప్రమాదమే.

మరి నొప్పికి ఏం వాడాలి? మొదటి మందు పారాసిటమాల్. దానికీ ఒక షరతు ఉంది: రోజుకు రెండు గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు, దాటి వరసగా చాలారోజులు వేసుకుంటే వార్ఫరిన్‌వాళ్ళకు ఐఎన్ఆర్ పెరగవచ్చు. నరాల నొప్పికి గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ ఇస్తారు. ఇవి రక్తం జోలికి పోవు, కాని మత్తు తెస్తాయి. రాత్రి మూత్రానికి లేచి తూలిపడి తల గోడకు తగిలితే, పలచనచేసే మాత్ర వాడే ముసలివాళ్ళకు తలలో నెత్తురు చేరుతుంది. వీళ్ళకు ఆ నెలరోజులు రాత్రి లైటు వెలుగుతూ ఉండాలి, లేచేటప్పుడు పక్కన ఒకరు ఉండాలి. కార్బమజెపిన్ అనే మరో నరాల మందు తిరగబడి పనిచేస్తుంది: వార్ఫరిన్‌ను, రివరోక్సాబాన్‌ను, ఎపిక్సాబాన్‌ను ఒంట్లోంచి త్వరగా కరిగించి గడ్డ కట్టే ముప్పు తెస్తుంది. ట్రామడాల్ వల్ల కొందరికి ఐఎన్ఆర్ పెరుగుతుంది. పైన పూసుకునే నొప్పి బామ్‌లలో ఉండే మిథైల్ సాలిసిలేట్ చర్మంలోంచి రక్తంలోకి దిగి వార్ఫరిన్ బలాన్ని పెంచుతుందని కూడా గుర్తించారు. పూతే కదా అని బామ్‌ను తేలిగ్గా తీసుకోకండి, పొక్కులమీద అయితే అది ఎలాగూ పూయకూడదు.

మందులతోపాటు ఎవరూ లెక్కపెట్టనిది పథ్యం. సర్పి వచ్చిందంటే కూర మానేసి, నూనె తగ్గించి, గంజో చోడి అంబలో చారన్నమో పెడతారు. రోజూ తినే తోటకూర, గోంగూర, మునగాకు ఆగిపోతాయి. వార్ఫరిన్, అసిట్రోమ్ పనిచేసేది విటమిన్ కె ని అడ్డుకునే, ఆకుకూరల్లో ఉండేది ఆ విటమినే. కూర ఆగితే ఒంట్లో విటమిన్ తగ్గుతుంది, మోతాదు మారకుండానే అదే మాత్ర బలం పెరుగుతుంది. జ్వరం, ఆకలి లేకపోవడం దానికి తోడు. వారంరోజులు పథ్యం ఉన్న మనిషికి ఐఎన్ఆర్ 3నుంచి 6కు వెళ్ళినా ఆశ్చర్యం లేదు. సర్పికి ఏ పథ్యమూ అక్కర్లేదు. రోజూ తినే తిండే తినాలి. తినలేకపోతే డాక్టరుకు చెప్పి మూడు నుంచి ఐదు రోజుల్లోపు ఒకసారి, వారానికి మరోసారి ఐఎన్ఆర్ చేయించుకోవాలి, జబ్బు తగ్గి మళ్ళీ కూర మొదలుపెట్టాక ఇంకోసారి. రివరోక్సాబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రల సంగతి ఇంకోలా ఉంటుంది: అవి అన్నంతోపాటు వేసుకుంటేనే ఒంటికి పడతాయి, ఖాళీ కడుపున వేసుకుంటే దాదాపు మూడోవంతు వృథా.

ఇంత రక్తస్రావం ముప్పు ఉన్నప్పుడు కొన్నాళ్ళు మాత్ర ఆపేస్తే పోలా అని అడుగుతారు. పోదు. సర్పి వైరస్ నరాల వెంట మెదడు రక్తనాళాల గోడల్లోకి కూడా చేరగలదు, అక్కడ వాపు తెస్తుంది, వాచిన గోడమీద గడ్డ కడుతుంది. బ్రిటన్‌లో వేలమంది రోగుల రికార్డులు పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, సర్పి వచ్చిన మొదటి నాలుగు వారాల్లో పక్షవాతం ముప్పు అదే మనిషికి మామూలు రోజుల్లో ఉండేదానికన్నా సుమారు 60 శాతం ఎక్కువని తేలింది. కంటిచుట్టూ, నుదుటిమీద వచ్చిన సర్పిలో ఇంకా ఎక్కువ. యాంటీవైరల్ మందు వాడినవాళ్ళలో ముప్పు తక్కువగా కనిపించింది. అంటే గడ్డ కట్టే అవకాశం పెరిగిన నెలలోనే గడ్డను ఆపే మాత్ర మానేస్తున్నామన్నమాట. లోహపు కవాటం ఉన్నవాళ్ళకైతే కవాటమే గడ్డతో బిగుసుకుపోవచ్చు. ఐఎన్ఆర్ మరీ పెరిగితే ఒకటి రెండు మోతాదులు ఆపాలో, తగ్గించాలో, విటమిన్ కె ఇవ్వాలో రిపోర్టు చూసి డాక్టరు చెబుతారు. ఇంట్లో ఎవరూ తీసుకోకూడని నిర్ణయం అది.

ఇక ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల కొబ్బరి, జీడి తోటల మధ్య దశాబ్దాలుగా కిడ్నీలు పోగొట్టుకుంటున్న మనుషులకు ఇప్పటిదాకా చెప్పినవన్నీ రెట్టింపుగా వర్తిస్తాయి. కారణం ఇదీ అని ఇంకా తేలని ఆ జబ్బు, ఆ ప్రాంతంలో చేసిన ఒక సర్వేలో పెద్దవాళ్ళలో దాదాపు ఐదుగురికి ఒకరిలో కనిపించింది. కిడ్నీలు దెబ్బతింటే రోగనిరోధక శక్తి తగ్గి సర్పి తేలిగ్గా వస్తుంది. రక్తంలో పేరుకున్న మలినాలవల్ల ప్లేట్‌లెట్లు సరిగా అతుక్కోవు కనుక ఏ మాత్రా లేకుండానే రక్తస్రావం ఎక్కువ. డాబిగాట్రాన్‌లో ఐదింట నాలుగు వంతులు బయటికి పోయేది కిడ్నీలగుండానే, అవి పనిచేయకపోతే ఒంట్లోనే పేరుకుంటుంది. నొప్పి సూదులు, నొప్పి మాత్రలు మిగిలిన కాస్త కిడ్నీని కూడా తినేస్తాయి. ఒంటినొప్పులకు అలవాటుగా సూది వేయించుకునే రైతులు, జీడిపప్పు పనివాళ్ళు ఉన్న ప్రాంతంలో ఇది మాటిమాటికీ చెప్పాల్సిన సంగతి.

సర్పి మందు కూడా వీళ్ళకు మామూలు మోతాదులో ఇవ్వకూడదు. ఎసైక్లోవిర్ కిడ్నీల ద్వారానే పోతుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా రోజుకు ఐదు మాత్రలు ఇస్తే రెండు మూడు రోజుల్లో మనిషి తికమకగా మాట్లాడతాడు, లేనివాళ్ళు కనబడుతున్నారంటాడు, చేతులు వణుకుతాయి, మగతగా పడి ఉంటాడు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని అనుకుంటారు. అది మందు ఎక్కువై మెదడుకు ఎక్కడం. ఆపి డయాలసిస్ చేస్తే తేరుకుంటాడు. గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ కూడా ఇలాగే కిడ్నీకి తగ్గట్టు తగ్గించి ఇవ్వాలి.

డయాలసిస్ చేయించుకునేవాళ్ళు సర్పి వచ్చిన సంగతి యూనిట్‌లో సిస్టర్‌కు కుర్చీలో కూర్చునే ముందే చెప్పాలి. మిషన్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎక్కిస్తారు. పొక్కుల్లో నెత్తురు ఉంటే, చిగుళ్ళనుంచి రక్తం వస్తుంటే దాన్ని తగ్గిస్తారు, అవసరమైతే హెపారిన్ లేకుండానే డయాలసిస్ చేస్తారు. ఆ పూట వేసుకోవాల్సిన ఎసైక్లోవిర్ డయాలసిస్ ముగిశాక వేసుకోవాలి, ముందు వేసుకుంటే మిషన్ దాన్ని లాగేస్తుంది. పొక్కులు ఎండి పక్కు కట్టేదాకా శుభ్రమైన బట్టతో కప్పి ఉంచాలి. పక్క బెడ్‌మీద ఉన్నవాళ్ళకు, ఇంట్లో ఆటలమ్మ ఎప్పుడూ పోయని పిల్లలకు, గర్భిణికి వాటిలోని నీరు తగిలితే ఆటలమ్మ రావచ్చు. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ఇలాంటివాళ్ళకు దగ్గరి దారి. శ్రీకాకుళం ప్రభుత్వ బోధనాసుపత్రి, విజయనగరంలో 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, నెల్లిమర్ల మహారాజా వైద్య కళాశాల ఆసుపత్రి ఉండగా ఐఎన్ఆర్ కోసం, క్రియాటినిన్ కోసం విశాఖ దాకా పరుగెత్తాల్సిన పని లేదు. వెళ్ళేటప్పుడు వాడే మాత్రలన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. పేర్లు గుర్తుండవు, స్ట్రిప్‌లు చూపిస్తే చాలు.

కొన్ని లక్షణాలకు మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. నల్లటి విరేచనం, నెత్తుటి వాంతి, ఎర్రటి మూత్రం, పావుగంట గట్టిగా నొక్కిపట్టినా ఆగని ముక్కు రక్తం, దెబ్బ తగలకుండానే ఒంటిమీద కమిలిన మచ్చలు, తలకు ఏ చిన్న దెబ్బయినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి. మూతి వంకరపోవడం, చేయి పడిపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతం గుర్తులు. వీటిలో ఏది కనబడినా 108కి ఫోన్ చేసి, రాగానే మొదటి మాటగా రక్తం పలచనచేసే మాత్ర పేరు చెప్పండి. ముక్కు కొనమీద పొక్కు లేస్తే కంటికి సర్పి సోకుతోందని సూచన, అదేరోజు కంటి డాక్టరు చూడాలి.

సర్పి రాకుండా టీకా ఉంది. షింగ్రిక్స్ పేరుతో 2023నుంచి మన దేశంలో దొరుకుతోంది. యాభై ఏళ్ళు దాటినవాళ్ళకు రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు డోసులు. 2015లో వెలువడిన పెద్ద పరీక్షలో యాభై దాటినవాళ్ళలో సర్పిని 97 శాతం మేర ఆపింది. ఇందులో బతికున్న వైరస్ లేదు కాబట్టి డయాలసిస్ మీద ఉన్నవాళ్ళూ, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళూ డాక్టరు సలహాతో వేయించుకోవచ్చు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టీకాల్లో ఇది లేదు, ధర చాలా ఎక్కువ, ఉద్దానంలాంటి చోట్ల కిడ్నీ రోగులకైనా దీన్ని ఉచితంగా ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం. టీకా కండరానికి వేసే సూదే, కాబట్టి పలచనచేసే మాత్ర వాడేవాళ్ళు ముందే చెప్పాలి. ఐఎన్ఆర్ హద్దులో ఉందని చూసుకుని, సన్నటి సూదితో భుజానికి వేయించుకుని, రుద్దకుండా కనీసం రెండు నిమిషాలు దూదితో గట్టిగా అదిమిపట్టుకోవాలి. దానికోసం కూడా మాత్ర ఆపనక్కర్లేదు.